ఫారమ్‌లో ఒక్కొక్క గడినీ అమర్చే తీరు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరులోని కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చే రైతుల వివరాలు నమోదు చేయడానికి నీవు తయారు చేస్తున్న వెబ్ ఫారమ్‌ను శ్రద్ధగా చూశాను. రూపం బాగుంది. గళ్ళకు నీవు పెట్టిన ప్రాపర్టీలలో, అంటే గడి ఎలా పనిచేయాలో చెప్పే అమరికలలో మాత్రం కొన్నింటిని, దాన్ని గుమాస్తాల చేతికి ఇవ్వకముందే మార్చాలి.

మొబైల్ నంబరుకూ పిన్‌కోడ్‌కూ టైప్‌ను (గడిలో ఏ రకం సమాచారం ఉంటుందో చెప్పేదాన్ని) నంబర్‌గా పెట్టావు. అంకెలతో రాసేదల్లా సంఖ్య కాదమ్మా. 522001ని ఎవరూ దేనితోనూ కూడరు, తీసివేయరు. నంబర్ టైప్ పెట్టిన గడికి ఎన్ని అక్షరాల వరకు కొట్టవచ్చో చెప్పే మ్యాక్స్‌లెంగ్త్, ఏ రూపంలో ఉండాలో చెప్పే ప్యాటర్న్ రెండూ వర్తించవు. పైగా కొన్ని బ్రౌజర్లలో, గడిలో కర్సర్ ఉండగా మౌస్ చక్రం తిప్పితే విలువే మారిపోతుంది కాబట్టి, పేజీని కిందికి జరిపే తొందరలో 522001 కాస్తా 522000 అయినా ఎవరి కంటా పడదు. టైప్‌గా మొబైల్‌కు టెల్ (ఫోన్ నంబరు), పిన్‌కోడ్‌కు టెక్స్ట్ (మామూలు రాత) పెట్టి, ఇన్‌పుట్‌మోడ్‌ను న్యూమరిక్ చేస్తే ఫోన్‌లో అంకెల కీబోర్డే తెరుచుకుంటుంది. మొబైల్‌కు మొదటి అంకె 6 నుంచి 9 లోపు ఉండాలనీ, దాని తరువాత మరో 9 అంకెలు రావాలనీ ప్యాటర్న్ రాయి. ఖాళీగా వదిలేసిన గడిని ప్యాటర్న్ పట్టించుకోదు కనుక, తప్పక నింపాలని చెప్పే రిక్వైర్డ్ కూడా విడిగా పెట్టాలి.

బరువు మాత్రం నిజంగా సంఖ్యే. అయితే విలువలు ఎంతెంత తేడాతో ఉండవచ్చో తెలిపే స్టెప్ ఎంతో చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని 1గా తీసుకుని, 12.45 క్వింటాళ్ళు అని కొట్టిన మనిషికి తప్పు చూపి ఫారమ్‌ను ఆపేస్తుంది. అక్కడ స్టెప్ 0.01 పెట్టు, క్వింటాలులో అది సరిగ్గా ఒక కిలో. టిక్కీల లెక్కకు 1 చాలు.

రైతు పేరు గడికి మ్యాక్స్‌లెంగ్త్ 20 అన్నావు. వెంకటేశ్వర్లు అనే పేరు మన కంటికి ఐదక్షరాలే అయినా, గుణింతాలూ పొల్లులూ సున్నా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక బ్రౌజర్ దాన్ని 13గా లెక్కిస్తుంది. దానికి ఇంటిపేరు చేరితే 20 దాటడం ఎంతసేపు? అప్పుడు ఏ హెచ్చరికా లేకుండా టైపింగ్ ఆగిపోతుంది, సగం పేరే రికార్డులోకి ఎక్కుతుంది. దాన్ని కనీసం 100 చెయ్యి. ఆంగ్ల అక్షరాలు మాత్రమే ఉండాలన్న ప్యాటర్న్‌ను పూర్తిగా తీసెయ్యి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మిర్చి రకం గడి. ఆ జాబితా నేరుగా తేజతో మొదలవుతోంది. రిక్వైర్డ్ పెట్టినా ఉపయోగం లేదు; ముందే తేజ ఎంపికై ఉంటుంది కాబట్టి, ఆ గడిని అసలు ముట్టుకోని ప్రతి ఎంట్రీ తేజగానే నమోదవుతుంది. 334 రకం తెచ్చిన రైతు సరుకు తేజ పేరుతో పడితే, రేటు మాట్లాడే రోజున తగవు తప్పదు. విలువ ఖాళీగా ఉండే ‘రకం ఎంచుకోండి’ అనే వరుసను అన్నిటికన్నా పైన పెట్టు. అప్పుడే రిక్వైర్డ్ పనిచేస్తుంది.

లాట్ నంబరును (సరుకుకు ఇచ్చే గుర్తింపు సంఖ్యను) ఎవరూ మార్చకూడదని డిసేబుల్డ్ చేశావు. డిసేబుల్డ్ గడిలోని విలువ సర్వర్‌కు వెళ్ళనే వెళ్ళదు. రీడ్‌ఓన్లీ (చదవడానికి మాత్రమే) చేస్తే వెళుతుంది, కానీ తెలిసినవాళ్ళు బ్రౌజర్‌లో దాన్నీ మార్చగలరు కాబట్టి లాట్ నంబరుతో సహా ఈ తనిఖీలన్నీ సర్వర్ వైపు కూడా రాయాలి.

ఖాళీ గడిలో సూచనగా కనిపించే ప్లేస్‌హోల్డర్‌నే గడి పేరుగా వాడవద్దు. మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. ప్రతి గడికీ తెలుగులో లేబుల్ రాసి, గడి ఐడీతో జతచెయ్యి. నేమ్‌లు (విలువతోపాటు సర్వర్‌కు వెళ్ళే గడి పేర్లు) మాత్రం ఇప్పుడున్నవే ఉంచు, సర్వర్‌లో మీ తమ్ముడు రాసిన కోడ్ వాటినే చదువుతోంది.

మార్పులు పూర్తయ్యాక లింకు పంపు, నా ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో నింపి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న