రూమ్మేట్ థైరాయిడ్ మాత్ర మీరెందుకు వేసుకున్నారు?

ప్రశ్న: నాకు 24. కృష్ణానగర్‌లో ఉంటూ సీరియల్స్‌కి ఆడిషన్స్ ఇస్తున్నా. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. స్క్రీన్ మీద లావుగా ఉన్నావు, 45కి తగ్గి రమ్మంటున్నారు. రూమ్మేట్ వాడే థైరాయిడ్ మాత్ర, 100 ఎంసీజీది, రెండు నెలలుగా వేసుకుంటే 3 కిలోలు తగ్గా. మూడు నెలలుగా పీరియడ్స్ లేవు, రాత్రిళ్ళు గుండె దడ. బరువు తగ్గే ఇంజెక్షన్ మంచిదా, లైపోసక్షనా?

సలహా: ఆ రెండూ తర్వాత అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. అందులో ఉండే థైరాక్సిన్ అనే హార్మోన్ సన్నబడే మందు కాదు, థైరాయిడ్ బాగున్నవాళ్ళు వేసుకుంటే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడొచ్చు, తగ్గిన ఆ 3 కిలోల్లో కొవ్వెంతో కండెంతో ఎవరు చూశారు? మొన్న ఓపీలో ఒకమ్మాయిని ఏం వాడుతున్నావమ్మా అంటే పర్సులోంచి టిష్యూలో చుట్టిన నాలుగు మాత్రలు తీసింది, రేకు లేదు, పేరు లేదు, ఫ్రెండ్ ఇచ్చిందట! చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలా?

మీ బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువుందా లేదా చెప్పే లెక్క, 22.7, అంటే మన ఇండియన్ లెక్కలో కూడా నార్మలే. 45కి దిగితే 17.6, అది తక్కువ బరువు. సావిత్రి గారి బొద్దు మొహానికి జనం నీరాజనాలు పట్టారు, 2008లో కరీనా బాగా సన్నబడి కనిపించాక సైజ్ జీరో అన్నారు, రేపు ఇంకేదో అంటారు, వాళ్ళ కొలత మారినప్పుడల్లా మీ ఒళ్ళు మారదు కదా. ఇంజెక్షన్లు మామూలుగా బీఎంఐ 30 దాటినవాళ్ళకి, షుగరో బీపీనో ఉంటే 27 నుంచి, మీకు నేనైతే రాయను. లైపోసక్షన్, అదే కొవ్వు పీల్చి తీసేయడం, అసలు బరువు తగ్గించే ఆపరేషనే కాదు. ఆర్తీ అగర్వాల్ 2015లో 31 ఏళ్ళకే పోయింది, అంతకు కొన్ని వారాల ముందు అదే చేయించుకుంది, దానివల్లే అని నేను అనను, కానీ పార్లర్ పనిలా మాత్రం తీసుకోవద్దు.

మీకు ఏ డాక్టరూ రాయలేదు కాబట్టి మాత్ర ఆపి, రెండ్రోజుల్లో దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఎక్కువైతే పీరియడ్స్ ఆపే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూస్తారు. ఏమనుకోవద్దు, ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా, పీరియడ్స్ ఆగితే మేం ముందు చూసేది అదే. భోజనం మానేస్తుంటే అది కూడా దాచకుండా చెప్పండి. చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. ఈలోపు కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి, ఆ మాత్రల రేకు వెంట తీసుకెళ్ళండి.