మట్టి ఇటుకలతో కడితే హోమ్ లోన్ ఎంత తగ్గుతుంది?

ప్రశ్న: మాది విశాఖ దగ్గర ఆనందపురం. సొంత స్థలంలో 850 చదరపు అడుగుల ఇంటికి మేస్త్రి 18 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో ఇటుక, గోడల కట్టుబడి 2.7 లక్షలు. ప్లాస్టరింగ్, పుట్టీ, రంగులు 2.1 లక్షలు. మాకు 8 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. 6 లక్షలు తీసి, 12 లక్షలు హోమ్ లోన్ పెడదామనుకున్నాం. మిషన్‌తో నొక్కి చేసే మట్టి ఇటుకలైతే 10 లక్షల్లో ఇల్లు అయిపోతుందని మా బావగారు అంటున్నారు. అలా అయితే బంగారం మీద 4 లక్షలు తెచ్చుకుంటే చాలు కదా? మా పాపకు ఆస్తమా. మట్టి ఇల్లు తనకు మంచిదని కూడా ఆశ.

జవాబు: మట్టి పరీక్షలో నెగ్గితే ఆ ఇటుకలతోనే కట్టుకోండి. 10 లక్షల లెక్కను మాత్రం నమ్మకండి. పునాది, శ్లాబు, ఇనుము, తలుపులు, కరెంటు పని, ప్లంబింగ్ ఖర్చులు ఇటుక మారినంత మాత్రాన తగ్గవు. మీ ఎస్టిమేట్‌లో గోడలు, వాటి పైపూతలు కలిపి 4.8 లక్షలే. తగ్గేదేదైనా అందులోనే తగ్గాలి.

24 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకలైతే మీ ఇంటికి సుమారు 4,000 పడతాయి. ఒక్కోటి దాదాపు 10 కిలోలు. మట్టిలో 5 శాతం సిమెంటు కలుపుతారనుకుంటే ఇటుకకు అర కిలో, బస్తాకు వంద ఇటుకలు. బట్టీలో కాల్చే పని లేదు కాబట్టి మిగతా ఖర్చంతా మట్టి, కూలీ, మిషన్ అద్దె. అన్నీ కలిపి ఇటుక 18 రూపాయలు పడిందనుకున్నా 72,000. కట్టుబడికి ఇంకో 90,000 వేసుకున్నా గోడల మీద లక్ష దాకా మిగులుతుంది. బయటి గోడలకు ప్లాస్టరింగ్, రంగు మానేస్తే మరో 50 వేల పైనే. మన వానలకు ఆ గోడలు నిలవాలంటే చూరు బాగా ముందుకు రావాలి, ఆ ఖర్చు కూడా కలుపుకోండి. నేనైతే మొత్తం ఆదా లక్షన్నర అని రాసుకుంటాను.

ఒక ప్రశ్న ఇప్పుడే తేల్చుకోండి: పైన ఇంకో అంతస్తు వేస్తారా? వేస్తామని ముందే పిల్లర్లు లేపేస్తే ఇటుకలు వాటి మధ్య ఖాళీ నింపడానికే పనికొస్తాయి. ఒక్క అంతస్తే చాలనుకుంటే గోడల మీదే శ్లాబు మోపవచ్చు, ఇంకొంత మిగులుతుంది. ఈ నిర్ణయం మేస్త్రి మీద వదలకండి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫీజు దండగ కాదు.

మట్టి విషయంలోనూ తొందర వద్దు. పై మట్టి పనికిరాదు, నల్లరేగడి అయితే పగుళ్లిస్తుంది. పునాది తవ్విన ఎర్రమట్టిని ల్యాబ్‌లో పరీక్ష చేయించి, కొన్ని ఇటుకలు చేయించి, 28 రోజులు తడుపుతూ ఉంచి, మట్టి ఇటుకలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1725 ప్రకారం బలం పరీక్ష చేయించండి. పునాది మట్టి చాలకపోతే అనుమతి ఉన్న చోటు నుంచే తోలించుకోండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షించుకోవలసిన ప్రకృతి సంపద, అక్కడి మట్టి ఎవరు తెచ్చిస్తామన్నా వద్దనండి. పరీక్షలో మట్టి నెగ్గకపోతే బెంగ పడకండి. పరవాడలో సింహాద్రి ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి, ఆ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు మన వైపు దొరుకుతాయి.

పాప సంగతి. మట్టి గోడ గాలిలోని తేమను కొంత పీల్చి మళ్లీ వదులుతుంది, లోపల సున్నం వేస్తే ఆ గుణం నిలుస్తుంది, ఆయిల్ పెయింట్ వేస్తే పోతుంది. కానీ ఆస్తమాను ఎక్కువ చేసేవాటిలో చెమ్మ, బూజు ముఖ్యమైనవి. పునాది ఎత్తుగా, దాని మీద చెమ్మ గోడల్లోకి ఎక్కకుండా ఆపే పొర (డీపీసీ), ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు. ఖర్చు తగ్గించాలని వీటిలో ఏదీ కోయకండి. వైద్యం మాత్రం డాక్టరు చెప్పినట్టే సాగాలి.

ఇక అప్పు. 12 లక్షలకే శాంక్షన్ అడగండి. డబ్బు దశలవారీగా ఇస్తారు, తీసుకున్న దాని మీదే వడ్డీ. అనుకున్నంత మిగిలితే 10.5 లక్షల దగ్గర ఆపేయండి. 8.5 శాతం వడ్డీ, 15 ఏళ్లకు లెక్కేస్తే ఈఎంఐ 11,817 నుంచి సుమారు 10,340కి దిగుతుంది. మొత్తం మీద కట్టేది 2.66 లక్షలు తగ్గుతుంది. మిగలకపోతే ఆ లక్షన్నర మీ చేతికందే దూరంలో ఉంటుంది, పని ఆగదు. ఎస్టిమేట్‌లో గోడలు దేనితో కడుతున్నారో రాయించి, బ్యాంకు ఇంజనీరుకు ముందే చూపించండి. సగం గోడలు లేచాక అభ్యంతరం వస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

బంగారం జోలికి వెళ్లకండి. 6 లక్షలకు 4 కలిపితే 10, ఇల్లు 16.5 దగ్గర ఉంది. శ్లాబు దాకా వచ్చి డబ్బు అయిపోతుంది. పైగా గోల్డ్ లోన్ ఎక్కువగా ఏడాది గడువుతో ఉంటుంది, మిగతాదానికి హోమ్ లోన్ తీసుకుంటే ఆ ఈఎంఐలతో పాటు దాన్నీ తీర్చాలి. మిగిలిన 2 లక్షల ఎఫ్‌డీ పాప ఆసుపత్రి ఖర్చుల కోసం అలాగే ఉండనివ్వండి. ప్లాన్ అప్రూవల్‌కు ఇప్పుడే పెట్టండి. ఇటుకలు సంక్రాంతి తర్వాత మొదలుపెడితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే తుఫానుల కాలం దాటిపోతుంది.