టాక్స్ ఫైలింగ్‌కి ఫీజు కట్టే ముందు

చి. సౌ. సుజాతకి,

ఆశీస్సులు. ఫోన్‌లో నువ్వు అడిగినవన్నీ ఇలా రాసి పంపితే అల్లుడు గారు కూడా చదువుకుంటారు.

"టాక్స్ పడేంత జీతాలు మావి కావు, ఫైల్ చేయడం ఎందుకు పెదనాన్నా?" అన్నావు. జీతం తక్కువున్న వాళ్లే తప్పకుండా ఫైల్ చేయాలమ్మా. తక్కువ ఆదాయంతో పనిచేసుకునే కుటుంబాల కోసం అమెరికాలో 1975 నుంచి ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ ఉంది. కట్టాల్సిన టాక్స్ సున్నా అయినా ఆ డబ్బు చేతికి వస్తుంది. 2025 ఆదాయానికైతే ఇద్దరు పిల్లలున్న వాళ్లకి గరిష్ఠంగా 7,152 డాలర్లు. ఇది కాక 17 ఏళ్లు నిండని ఒక్కో బిడ్డకీ చైల్డ్ టాక్స్ క్రెడిట్ 2,200 డాలర్ల దాకా ఉంటుంది. రిటర్న్, అంటే ఆ ఏడాది టాక్స్ లెక్కల పత్రం, వేయకపోతే ఈ రెండూ రావు.

ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్‌కి మీ నలుగురికీ ఉద్యోగానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉండాలి. గ్రీన్‌కార్డులు కాబట్టి మీకా ఇబ్బంది లేదు. భార్యకో భర్తకో సోషల్ సెక్యూరిటీ నంబర్ లేక, దాని బదులు టాక్స్ కోసమే ఇచ్చే ఐటిన్ నంబర్ మాత్రమే ఉంటే, ఇద్దరూ కలిపి వేసే జాయింట్ రిటర్న్‌లో ఆ క్రెడిట్ రాదు. హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న నీ స్నేహితురాలికి ఈ మాట చెప్పు.

మీ స్టోర్ పక్కన ఫీజు తీసుకుని టాక్స్ ఫైల్ చేసే ఆఫీసుకి మాత్రం వెళ్లకండి. వాళ్లు "వెంటనే రిఫండ్" అని ఇచ్చేది అప్పు. ఈ క్రెడిట్ ఉన్న రిఫండ్‌ని ఫిబ్రవరి సగం గడిచేదాకా ఐఆర్‌ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) ఎవరికీ విడుదల చేయదు. ఆదాయం ఒక పరిమితి లోపు ఉన్నవాళ్లకి లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో వీటా అనే ఐఆర్‌ఎస్ ఉచిత సహాయ పథకం వాలంటీర్లు ఉచితంగా చేసిపెడతారు. ఐఆర్‌ఎస్ పరీక్ష పాసైన వాళ్లే అక్కడ కూర్చుంటారు. ఒకరు రిటర్న్ తయారుచేశాక ఇంకొకరు మీ కాగితాలు పక్కన పెట్టుకుని ప్రతి అంకె సరిచూస్తారు, ఆ తర్వాతే మీ సంతకం. అందుకే నాకు ఆ పద్ధతి మీద అంత గురి.

జాయింట్‌గా వేస్తారు కాబట్టి ఇద్దరూ వెళ్లాలి. ఫోటో ఐడీలు, నలుగురి సోషల్ సెక్యూరిటీ కార్డులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, కోసిన టాక్స్ చూపిస్తూ యజమాని ఇచ్చే కాగితాలు), బ్యాంకు రూటింగ్, అకౌంట్ నంబర్లు పట్టుకెళ్లండి. చిన్నదాని డేకేర్ వాళ్ల టాక్స్ నంబర్ కూడా అడిగి రాసుకో, చాలామంది అది మర్చిపోయి మళ్లీ తిరుగుతారు.

ఇండియా సంగతులు దాచొద్దు. ఎన్ఆర్ఈ (ప్రవాసుల ఖాతా) డిపాజిట్ వడ్డీకి అక్కడ టాక్స్ లేకపోయినా ఇక్కడ చూపించాల్సిందే. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ విదేశీ ఖాతాల వివరాలు చూపే ఎఫ్‌బార్ అని వేరే ఫారం వేయాలి. అక్కడి మ్యూచువల్ ఫండ్లుంటే వీటా వాళ్లు తీసుకోరు, అపాయింట్‌మెంట్ అప్పుడే అడుగు. ఊళ్లో ఉన్న అత్తమామల్ని డిపెండెంట్లుగా రాస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇండియాలో ఉండే తల్లిదండ్రులకి అది చెల్లదు. క్రెడిట్ కోసం మోసం చేశారని తేలితే పదేళ్లు దాన్ని ఆపేస్తారు.

గడువు ఏప్రిల్ 15. నిరుడు వేయలేదన్నావుగా, మూడేళ్లలోపు అయితే పాత రిఫండ్ కూడా అడగొచ్చు. ఆ ఏడాది డబ్ల్యూ-2లు ఈ ఆదివారమే వెతికి ఒక కవర్లో పెట్టు. దొరక్కపోతే ఫోన్ చెయ్యి, ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఎలా తీసుకోవాలో చెప్తాను.

మీ పెదనాన్న