ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే పసిపిల్లలకు ఎగ్జిమా వస్తుందా?

ఆరు నెలల పాపకి బుగ్గల మీద ఎర్రగా, గరుగ్గా పొలుసులు లేస్తున్నాయి, ఇంట్లో పిల్లి ఉంది, దాన్ని ఎవరికైనా ఇచ్చేయాలా అని అడిగారు. తొందరపడకండి. ఎగ్జిమాకి, అంటే చర్మం పొడిబారి ఎర్రగా దురదపెట్టే ఈ జబ్బుకి, మూలం చాలావరకు వంశంలోనే ఉంటుంది. చర్మం పైపొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తక్కువైతే చర్మంలో తేమ నిలవదు, బయటివి సులువుగా లోపలికి పోతాయి.

అయితే ఉన్న ఎగ్జిమాని పిల్లి రెచ్చగొట్టొచ్చు. అందరూ బొచ్చుని తిడతారు గానీ, అలర్జీ తెచ్చే ప్రొటీన్ ఉండేది పిల్లి ఎంగిలిలో, రాలే చర్మపు పొట్టులో. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు ఆ ప్రొటీన్ బొచ్చుకి అంటి, ఆరిపోయి, సోఫాలోకి, దుప్పట్లోకి చేరుతుంది. పిల్లిని పంపేసినా నెలల తరబడి పోదు. అందుకే "వారం రోజులు పక్కింట్లో ఉంచి చూశాం" అంటే ఏమీ తేలదు.

ఫిలాగ్రిన్ లోపం ఉన్న పిల్లల్లో, పుట్టేనాటికి ఇంట్లో పిల్లి ఉంటే ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. కుక్కలతో అలా కనిపించలేదు. పైగా కుక్క ఉన్న ఇళ్లలో ఎగ్జిమా తక్కువని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి.

నన్నడిగితే ముందు అనుమానించాల్సింది సున్నిపిండిని, సబ్బుని, చెమటని. నలుగు పెట్టి రుద్దడం ఆపండి. గోరువెచ్చని నీళ్లు పోసి, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. పిల్లిని పాప పడుకునే గదిలోకి రానివ్వకండి. పిల్లి తగిలిన ప్రతిసారీ దద్దుర్లు లేచినా, పుండ్లు చెమర్చి పసుపు రంగు పెచ్చు కట్టినా డాక్టర్‌కి చూపించాల్సిందే.