బడిలో చిన్నపిల్లల చేత అమ్మానాన్నలకు పండుగ కార్డులు చేయించవచ్చా?

చేయించవచ్చు, కానీ ఎవరికి ఇవ్వాలో, ఏ భాషలో రాయాలో పిల్లలకే వదిలేయాలి. 3 నుంచి 8 ఏళ్ల వయసులో గీయడం, కత్తిరించడం, అతికించడం వల్ల వేళ్లకు పట్టు వస్తుంది. పెన్సిల్ పట్టుకోవడానికి ఆ పట్టే కావాలి. తాను రాసింది ఇంట్లో ఒకరు చదువుతారంటే రాత మీద ఇష్టమూ పుడుతుంది.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సంక్రాంతికి బోర్డు మీది మరాఠీ వాక్యాన్ని దించి రాయిస్తే, తెలుగే తెలిసిన తల్లికి అది అందదు. అదే పాప చుక్కల ముగ్గు వేసి, కింద వంకరటింకరగా ‘అమ్మ’ అని రాసిందనుకోండి, ఆ తల్లి దాన్ని గోడకు అతికించుకుంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే పెద్దపీట వేసింది. అమ్మానాన్నలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వెళ్లినా, అసలు లేకపోయినా, అమ్మమ్మకో మేనమామకో చేయనివ్వాలి. అమ్మకే చేయాలని పట్టుబడితే పసిమనసు నొచ్చుకుంటుంది.

కార్డు అందంగా రావాలన్నది చాలామందికి ఉన్న అపోహ. టీచరే గీసి, కత్తిరించి, చివర్లో పిల్లల చేత మెరుపుపొడి చల్లిస్తే అది టీచరు చేసిన కార్డే. గమ్ కారినా, రంగు గీత దాటినా దిద్దకుండా ఇంటికి పంపాలి.