ముందు అమ్మాయి ఫోను ఇచ్చేయండి

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. ఒక్కతే కూతురు. వ్యాపారంలో మాకు బాగా కలిసొచ్చింది గానీ, పెద్దింటివాళ్లు మమ్మల్ని ఇంకా కొత్త డబ్బువాళ్లలాగే చూస్తారు. ఇప్పుడు ఒక పాత జమీందారీ కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. వాళ్ల బంగళా పాడుబడిపోతోంది, బాగుచేయించుకోవడానికి రెండు కోట్లు అడుగుతున్నారు. అమ్మాయేమో తనతో పనిచేసే అబ్బాయి ఇష్టమంటోంది. మూడు వారాల క్రితం ఫోను లాక్కుని బీరువాలో పెట్టాను. నాకు బీపీ ఉంది, నాకేమైనా అయితే ఆ పాపం నీదే అని కూడా చెప్పాను. రెండు రోజులుగా ‘నీ ఇష్టం అమ్మా’ అంటోంది. అమెరికా కోటీశ్వరుల కూతుళ్లు ఇంగ్లండు ప్రభువుల ఇళ్లకి కోడళ్లుగా వెళ్లి డచెస్‌లు అయ్యారని టీవీలో చూశాను. వాళ్లు దర్జాగా బతకలేదా? ఇంతకీ నా సందేహం, ఆ డబ్బు నగదుగా ఇవ్వాలా, అమ్మాయి పేరున పొలం రాయాలా?

జవాబు: అమ్మా, నగదా పొలమా అన్నదానికి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఏదీ వద్దు. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడం ఎంత నేరమో ఇవ్వడమూ అంతే నేరం. ఇక ఆ లెక్క పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన మాట ‘నీ ఇష్టం అమ్మా’. మీకది ఒప్పుకున్నట్టు వినిపించింది. నాకు గుండె గుబేలుమంది. డచెస్‌ల సంగతి మీరే ఎత్తారు కాబట్టి, వాళ్లలో ఒకామె గురించి చెప్తాను. ఆమె కన్నా వాళ్లమ్మ గురించే ఎక్కువ చెప్తాను, ఓపిగ్గా చదవండి.

న్యూయార్క్‌లో వాండర్‌బిల్ట్‌లని రైల్వేల మీద కోట్లు గడించిన కుటుంబం. ఆ ఇంటి కోడలు ఆల్వా. డబ్బుకి లోటు లేదు గానీ ఊళ్లో పాత కుటుంబాలు వాళ్లని కలుపుకునేవి కావు. 1883లో ఫిఫ్త్ అవెన్యూలో కొత్త మేడ కట్టి, ఊరంతా చెప్పుకునేంత పెద్ద విందు ఇస్తే గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. మీరు రాసిన ‘కొత్త డబ్బువాళ్లు’ అన్న మాట ఆమెనీ అలాగే పొడిచింది. ఆమె కూతురు కాన్సువెలో. చదువుకునేటప్పుడు నడుం వంగకుండా ఆ పిల్ల వీపుకి ఒక ఉక్కు కడ్డీ పెట్టి, నడుం దగ్గరా భుజాల దగ్గరా పట్టీలతో బిగించేవారట. కూతురు నిటారుగా కూర్చోవాలన్న తాపత్రయమే, నేను కాదనను. ఆ పిల్ల మాత్రం పెద్దయి ఆత్మకథ రాసేటప్పుడు కూడా ఆ కడ్డీని మర్చిపోలేదు.

1895 మార్చిలో, పద్దెనిమిదో పుట్టినరోజునాడు, ఆ అమ్మాయి తను ఇష్టపడిన విన్‌త్రప్ రూథర్‌ఫర్డ్‌కి మాటిచ్చింది. తల్లి అప్పటికే ఒక ఇంగ్లిష్ డ్యూక్ మీద కన్నేసి ఉంది. అబ్బాయి ఉత్తరాలు అమ్మాయికి చేరలేదు, అమ్మాయి ఉత్తరాలు అబ్బాయికి చేరలేదు. న్యూపోర్ట్‌లోని పాలరాతి మేడలో కూతుర్ని కట్టడిలో ఉంచింది. వాడి జోలికి వెళ్తే వాణ్ని కాల్చేస్తానంది. తర్వాత ఒక స్నేహితురాలి చేత కబురు చేసింది: నీ మొండితనం వల్ల మీ అమ్మకి గుండెపోటు వచ్చింది, ఇంకోసారి ఇలాంటి గొడవ జరిగితే ఆమె బతకదు అని. అమ్మాయి లొంగిపోయింది.

మీ బీపీ మాట గుర్తొచ్చిందా? మీకు బీపీ లేదని అనను. మందులు వేళకి వేసుకోండి. కానీ దాన్ని కూతురి మెడకి కట్టకండి. అమ్మ చచ్చిపోతుందంటే ఏ ఆడపిల్లయినా సరేనంటుంది. దాన్ని సమ్మతి అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

పెళ్లి ఆ నవంబరు 6న జరిగింది. మార్ల్‌బరో డ్యూక్‌కి ఇచ్చింది రైల్వే కంపెనీ షేర్లు, 25 లక్షల డాలర్ల విలువ. అవి ఎందుకయ్యా అంటే బ్లెన్‌హైమ్ అనే వాళ్ల ప్యాలెస్ నిలబెట్టుకోవడానికి. అంతకుముందే ఆ వంశంవాళ్లు పాత పుస్తకాలు, చిత్తరువులు, రత్నాలు అమ్ముకుంటూ వచ్చారు. పెళ్లిరోజు పొద్దున అమ్మాయి గది బయట కాపలాకి ఒక నౌకరు నిలబడ్డాడు. లోపల ఆమె ఒక్కతే ఏడుస్తూ కూర్చుంది. ఆ ఏడ్చిన మొహాన్ని కడిగి సర్దేసరికి చర్చికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. పెళ్లయ్యాక ఆయన చెప్పేశాడు, నేను ప్రేమించింది వేరే అమ్మాయిని, బ్లెన్‌హైమ్ కోసమే నిన్ను చేసుకున్నాను అని.

దర్జా అన్నారు కదా, ఆ ఇంట్లో రాత్రి భోజనం ఎలా ఉండేదో ఆమే రాసింది. ఇద్దరే కూర్చునేవారు. ఆయన కంచంలో వడ్డించుకుని, కంచం పక్కకి నెట్టేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, చిటికెన వేలి ఉంగరం తిప్పుకుంటూ ఏదో ఆలోచనలో పడేవాడు. పావుగంట దాటాక తినడం మొదలుపెట్టి, చల్లారిపోయిందనేవాడు. మాటా పలుకూ ఉండేది కాదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఆమె అల్లిక సామాను తెచ్చుకుని అక్కడే అల్లుకునేది. వడ్డించే పెద్ద నౌకరు హాల్లో కూర్చుని డిటెక్టివ్ కథలు చదువుకునేవాడట. పాతికేళ్లు కూడా లేని పిల్ల, అంత పెద్ద ప్యాలెస్‌లో, రోజూ రాత్రి అలా!

ఇద్దరు మగపిల్లలు పుట్టారు. 1906లో విడిపోయారు, 1921లో విడాకులయ్యాయి.

అందరూ అలా ఏడవలేదు, అది కూడా చెప్పాలి. షికాగో వ్యాపారి కూతురు మేరీ లీటర్ అదే 1895లో కర్జన్‌ని చేసుకుంది, మన దేశానికి వైస్రాయ్ భార్యగా వచ్చింది. 1903 ఢిల్లీ దర్బారులో మన జర్దోజీ పనివాళ్లు నెమలికన్నులు కుట్టిన గౌను వేసుకున్నది ఆమే. అదే దర్బారుకి కాన్సువెలో అతిథిగా వచ్చింది. ఇద్దరూ అమెరికా ఆడపిల్లలే, ఇద్దరి పుట్టిళ్లూ డబ్బున్నవే. మేరీ మాత్రం తను కోరుకున్నవాడి కోసం రెండేళ్లు ఆగి చేసుకుంది.

మళ్లీ ఆల్వా దగ్గరికొస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాసింది మీరు. ఆమె చెడ్డ మనిషి కాదు. కూతురికి పెళ్లి చేసిన ఏడాదే, నలుగురూ ఏమనుకుంటారోనని చూడకుండా భర్త నుంచి విడాకులు తీసుకుంది. 1896 మొదట్లోనే తనకి నచ్చినవాణ్ని చేసుకుంది. తర్వాత ఆడవాళ్ల ఓటుహక్కు కోసం తన డబ్బూ కాలమూ ధారపోసింది. అంత ఆత్మాభిమానం ఉన్న మనిషికి, అదే అభిమానం కూతురికీ ఉంటుందని ఎందుకు తట్టలేదు? నన్ను బాధపెట్టేది ఇదే. మీ ఉత్తరంలోనూ ఇదే కనిపించింది. మీరు ఎంత కష్టపడి పైకొచ్చారో నాకు తెలియదు గానీ, ఎవరి దగ్గరా తలొంచని మనిషని మాత్రం తెలుస్తోంది. ఆ జమీందారుల ముందు తలెత్తుకోవాలని ఇంట్లో కూతురి తల వంచుతున్నారు.

1926లో ఆ పెళ్లి అసలు చెల్లదని తేల్చడానికి చర్చి పెద్దల ముందు విచారణ జరిగింది. సాక్ష్యం చెప్పింది ఆల్వాయే. నా కూతురి మీద నాకు తిరుగులేని అధికారం ఉండేది, నేను బతిమాలలేదు, డ్యూక్‌ని చేసుకోమని ఆజ్ఞాపించాను అని ఒప్పుకుంది. అప్పటికి ఆమెకి డెబ్బై దాటాయి, కూతురికి 49. తల్లీకూతుళ్లు చివరికి దగ్గరయ్యారు, అది ఆ కూతురి మంచితనం. కానీ ఆ మాట చెప్పడానికి 31 ఏళ్లు పట్టింది.

మీరు అంతకాలం ఆగక్కర్లేదు. ఆ ఇంటివాళ్లకి మీరే ఫోన్ చేసి సంబంధం వద్దని చెప్పండి. తప్పు అమ్మాయి మీదకి తోయకండి, మాకే కుదరదని చెప్పండి. అమ్మాయి ఇష్టపడే అబ్బాయి ఎలాంటివాడో, ఏం చేస్తున్నాడో తర్వాత నిదానంగా కనుక్కోండి. మీకు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి, ఆ హక్కు తల్లిగా మీకుంది. ఇవాళ మాత్రం బీరువా తెరిచి ఫోను తీయండి. మూడు వారాలయింది కదా, బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చార్జింగ్ పెట్టి, మీ చేత్తో మీరే తీసుకెళ్లి ఇవ్వండి. తను ఏడిస్తే పక్కన కూర్చోండి, ఏమీ అడగకండి.