చల్లబడింది కదా అని

బుజ్జీ,

పాపను తీసుకుని వచ్చే వారమే వెళ్ళిపోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెద్దదిక్కు లేకుండా, రెండు నెలల పసిగుడ్డుతో మీరిద్దరే. వినగానే గర్వంగా అనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా టెన్షన్ అంతా జ్వరం గురించే. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

ముందు నీకు తెలిసినవే. నుదురు తాకి జ్వరం తేల్చకు, థర్మామీటర్ పెట్టు. పారాసిటమాల్ ఎంత వెయ్యాలో డాక్టర్ పాప బరువును బట్టి రాసిచ్చినంతే, రోజుకు నాలుగు సార్లు దాటకూడదు. ఆస్పిరిన్ పిల్లల దగ్గరికి రానీయకు. దుప్పట్లు కప్పొద్దు, ఐసు నీళ్ళతో తుడవొద్దు. వణుకు పుడితే ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ జోలికి పోకు, వైరస్ మీద అది పనిచెయ్యదు.

జ్వరమే జబ్బు కాదే. ఒంట్లో క్రిమి చేరిందని తెలియగానే మెదడులోని హైపోథాలమస్ కావాలనే వేడి పెంచుతుంది. అందుకే కాస్త పెద్ద పిల్లల్లో అంకె చూసి బెంబేలెత్తక్కర్లేదు. 103లో ఆడుకునే పిల్లాడి కంటే 100లో కళ్ళు తెరవని పిల్లాడికే నేను ఎక్కువ భయపడతాను. మీ పాపకు మాత్రం ఈ మాట పనికిరాదు. మూడు నెలలు నిండేదాకా 100.4 వచ్చిందంటే అర్ధరాత్రయినా డాక్టర్ దగ్గరికే. 'ఒక డోసు వేసి చూద్దాం' అన్నావో, నా చేతిలో తిట్లు తింటావు. ఇంకో సంగతి, ఆ వయసులో ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి ఒళ్ళు వేడెక్కదు, చల్లబడుతుంది. పాలు తాగకుండా, ఏడవకుండా మెత్తగా వాలిపోతే అదీ పరుగెత్తాల్సిన పనే.

చల్లబడటమంటే నాకెందుకంత హడలో ఇప్పుడు చెబుతాను.

మీ అన్నయ్యకు తొమ్మిదేళ్ళప్పుడు డెంగీ వచ్చింది. డెంగీ అని తర్వాతే తెలిసింది. నాలుగు రోజులు 103, 104. కళ్ళ వెనక నొప్పి అనేవాడు. ఐదో రోజు పొద్దున చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. థర్మామీటర్‌లో 98. హమ్మయ్య అనుకుని, వాడి దుప్పట్లు ఉతికి ఆరేసి ఆఫీసుకు వెళ్ళిపోయాను. మధ్యాహ్నం మీ పెదనాన్న ఫోన్ చేశారు, వాడికి కడుపు నొప్పి, రెండుసార్లు వాంతి అని. 'నీరసం లెండి, పడుకోబెట్టండి' అన్నాను. ఆ మాట అన్నది నేనే.

సాయంత్రం వచ్చి లేపితే కళ్ళు తెరిచి మూసేశాడు. కాళ్ళు పట్టుకుంటే మంచుముద్దలు. పొద్దున్నుంచీ ఒంటేలుకు వెళ్ళలేదట. దిండు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక, చిగుళ్ళలోంచి కారిన రక్తం.

ఆస్పత్రిలో డాక్టర్ వాడి గోరు నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలట. నేను ఐదు దాకా లెక్కపెట్టాను. డెంగీలో అసలు గండం జ్వరం దిగే వేళే మొదలవుతుందని, సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య అని, రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి ఊరిపోయి బీపీ పడిపోతుందని ఆయన సెలైన్ ఎక్కిస్తూనే చెప్పారు. ఆ రెండు రోజులూ వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు వాడే 'వదులమ్మా, కితకితలు' అన్నాడు.

ఇప్పటికీ ఎవరింట్లో జ్వరం తగ్గిందన్నా కాళ్ళు వెచ్చగా ఉన్నాయా, ఒంటేలుకు వెళ్ళారా అని అడుగుతాను. నువ్వూ నవ్వావులే ఒకసారి.

మీ ఆయన జ్వరంతోనే డ్యూటీకి పోయే రకం. డెంగీ అనుమానం ఉంటే ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగనీయకు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మెడ బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, మాట తడబడినా ఇంట్లో కూర్చోవద్దు. పాప కాస్త పెద్దయ్యాక జ్వరంలో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్. ఆగిపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించు.

మీ అమ్మతో థర్మామీటర్ పంపిస్తున్నాను. చంకలో పెట్టి, బీప్ వచ్చేదాకా దాని చెయ్యి మెల్లగా పట్టుకో. నీకసలే ఓపిక తక్కువ. రాత్రి రెండింటికైనా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. కాకపోతే ఆస్పత్రికి దార్లో ఉండి చెయ్యి. నన్నడిగి బయల్దేరాల్సిన పనిలేదు.

మీ పెద్దమ్మ